కోవిల్‌పట్టిలో నేను కనిపెట్టిన ఎండుదీవి

ఆ రోజుల్లో లోకంలోని ప్రతి వాక్యానికీ ఒక ఎదుటి పక్షం ఉంటుందని, ఆ పక్షాన నిలబడి మాట్లాడడానికే నేను పుట్టానని నాకు గట్టి నమ్మకం ఉండేది. విరుదునగర్‌లో కళాశాల చదువు ముగిసేనాటికి చర్చాపోటీల్లో గెలుచుకున్న కప్పులు పల్లెలోని మా ఇంటి అల్మారాలో గిన్నెలకు చోటు లేకుండా చేశాయి. మా అమ్మ వాటిలో ఒకదానిలో చింతపండూ మరొకదానిలో ఎండుమిరపకాయలూ పోసిపెట్టి, వాదానికి కూడా సంసారంలో ఒక ప్రయోజనం ఉన్నదని నిరూపించింది. ఎవరైనా "ఈ పొద్దు ఎండ ఎక్కువ" అంటే చాలు, "దేనితో పోల్చి ఎక్కువ?" అని అడిగేదాన్ని. "నీతో మాట్లాడేదానికి పక్కన ఒక వకీలును కూర్చోబెట్టుకోవాల" అని అమ్మ విసుక్కునేది. (చుట్టూ తమిళం కనుక, మా ఇంటి తెలుగు మాట్లాడే తెలుగే గాని చదివే తెలుగు కాదు. అక్షరాలు నేను ఆ తరువాత హైదరాబాదులో ఒక హాస్టల్లో ఉండగా నేర్చుకున్నాను. అక్కడి స్నేహితురాళ్లు నా మాట విని "మా ముత్తవ్వ లేచి వచ్చినట్టుంది" అని నవ్వేవారు. అందుకే కాబోలు, రాయడానికి కూర్చుంటే నాకు ఇలా ఇస్త్రీ చేసిన భాష తప్ప మరొకటి రాదు.) చర్చావేదిక నాకు రెండు నియమాలు నేర్పింది. ఎదుటివారి మాటను ఎన్నడూ మార్చి చెప్పరాదు. ఆధారం లేనిదే ఎన్నడూ ఒప్పుకోరాదు. మొదటి నియమం వల్ల నాకు కొంత మంచి జరిగింది. రెండోదాని వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నాను.

చదువు కాగానే నాకు ఒక విచిత్రమైన ఉద్యోగం దొరికింది. వాన కురిస్తే కుండపోతగా కురవడం, లేకుంటే నెలల తరబడి మొహం చాటేయడం అనే దుర్గుణం ఈ మధ్య ఆకాశానికి ఎందుకు పట్టుకున్నదో తెలుసుకోవాలని నాలుగైదు దేశాల కుర్ర శాస్త్రవేత్తలు ఒక జట్టుగా ఏర్పడ్డారు. పెద్ద పెద్ద వాతావరణ కేంద్రాల చూపు ఆనని మారుమూలల్లో తలా ఒక వర్షమాపకం నిలబెట్టి, అక్కడి లెక్కలన్నీ ఒకచోట చేర్చి పోల్చి చూడడం వారి పని. ఆ జట్టుకు పెద్ద హాంబర్గ్‌లో ఉండే ఒక యువతి. నాకన్నా కొద్ది ఏళ్లే పెద్దది గాని, సమావేశం మొదలయ్యే క్షణానికి కంప్యూటరు తెరమీద ప్రత్యక్షమై, ముగిసే క్షణానికి సగం వాక్యంలో మాయమయ్యేది కనుక నేను ఆమెకు మనసులో గడియారమ్మ అని పేరు పెట్టుకున్నాను. మరొకడు నైరోబీ నుంచి మాట్లాడేవాడు. ఎంతటి గంభీరమైన విషయంలోనైనా నవ్వు వెతుక్కునే ఆ మనిషిని నేను నైరోబీ అన్న అనేదాన్ని. కోవిల్‌పట్టి పక్క నల్లరేగడి ప్రాంతం నా వాటాకు వచ్చింది. ఉద్యోగం ఆ వానకాలం ముగిసేవరకే. ఆ తరువాత ఏ పరికరాన్ని ఉంచాలో దేన్ని పీకేయాలో గడియారమ్మ తేలుస్తుంది. పరికరాన్ని పీకితే దానితోపాటు నన్నూ పీకినట్టే. చర్చాపోటీ కప్పులు తప్ప మరో ఆస్తి లేని నాకు ఆ ఉద్యోగం నిలబడడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

వర్షమాపకం చూడడానికి పెద్ద వింత వస్తువేమీ కాదు. పొట్టి స్తంభం మీద ఒక తెల్లని గుండ్రని డబ్బా, దాని నెత్తిన గరాటు, లోపల చిన్న తొట్టి. గరాటులో పడిన నీళ్లతో తొట్టి నిండినప్పుడల్లా టిక్కుమని ఒరుగుతుంది. ఆ టిక్కు సెల్‌ఫోన్ గాలిలో ఎగిరి హాంబర్గ్‌లో దిగుతుంది. దానికి చుట్టూ చెట్టుండకూడదు, గోడ ఉండకూడదు, మేకలు వచ్చి ఒళ్లు రుద్దుకోకూడదు, ఎవరో ఒకరి కాపలా ఉండాలి. చేలో పెడదామంటే మా రేగడి వేసవిలో నోరు తెరిచి, వానలో మూసి, స్తంభాన్ని తాగినవాడిలా ఊపేస్తుంది. వెతికి వెతికి చివరకు మా పెద్దమ్మ పనిచేసే అగ్గిపెట్టెల కర్మాగారానికి చేరాను. (మా పక్క దానిని తీపెట్టి ఆపీసు అంటారు. "మా పెద్దమ్మ ఆపీసులో పెట్టాను" అని నేను చెబితే, గడియారమ్మ చాలాకాలం మా పెద్దమ్మను కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే అధికారిణిగా ఊహించుకున్నది.) అక్కడ అగ్గిపుల్లలనూ అంటించిన పెట్టెలనూ ఎండలో ఆరబోసే పెద్ద కళం ఉంది. చదునైన నేల, నెత్తిన ఆకాశం, పొద్దంతా మనుషులు. మొదలాళి, అంటే యజమాని, ఒక్కటే అడిగాడు: "దీన్నుంచి నిప్పురవ్వ రాదు గదా?" రాదని ప్రమాణం చేసి పరికరాన్ని నిలబెట్టాను.

నిలబెట్టి ఊరుకుంటే బాగుండేది. కళంలో పనిచేసే ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. సముద్రాలు వేడెక్కడం గురించి చెప్పాను. ధ్రువాల మంచు గురించి చెప్పాను. రాబోయే తరాల గురించి చెబుతున్నప్పుడు నా గొంతు నాకే గద్గదంగా వినిపించింది. "ఈ పరికరం ఆకాశాన్ని గమనిస్తూ ఉంటుంది. దేశదేశాల వారు దీనిమీద ఆశ పెట్టుకున్నారు. దీన్ని మీ సొంత సరుకులాగా చూసుకోండి" అని ముగించాను. వారు చప్పట్లు కొట్టారు. మా పెద్దమ్మ కళ్లు తుడుచుకుని పక్కావిడతో, "మా పిల్ల. నోరు చూస్తివా, పంపుసెట్టు మాదిరి" అన్నది.

వానకాలం వచ్చింది. తూర్పునుంచి మేఘాలు లేచాయి. ఎట్టయాపురంలో వాన, కోవిల్‌పట్టి బస్టాండులో మోకాటి లోతు నీళ్లు, విరుదునగర్‌లో నా అద్దెగది గోడకు చెమ్మ. నా పరికరం మాత్రం హాంబర్గ్‌కు సున్న పంపింది. మరుసటి వానకు సున్న. ఆ తరువాతి వానకు మరొక సున్న. సున్నలన్నీ తెరమీద వరసగా నిలబడి ముత్యాలహారంలా ఉండేవి.

"నీ కేంద్రం పాడైనట్టున్నది" అన్నది గడియారమ్మ.

"సున్న కూడా ఒక కొలతే" అన్నాను నేను. చర్చావేదికపై ఇది చెల్లుబాటయ్యే వాక్యం.

"ఎవరైనా దానిమీద కూర్చుంటున్నారేమో చూశావా?" అని అడిగాడు నైరోబీ అన్న.

నాకు ఒళ్లు మండింది. మా ఊరివాళ్లు శాస్త్రపరికరం మీద కూర్చునే రకంగా కనిపిస్తున్నారా ఇతనికి? "మావాళ్లు దానిని పూజలో దేవుడిలా చూసుకుంటున్నారు" అని కొట్టిపారేశాను. (ఇది ఎంత నిజమో అప్పుడు నాకు తెలియదు.)

అయినా న్యాయంగా విచారణ జరపాలి కదా అని ఒక మధ్యాహ్నం బస్సెక్కి కళానికి వెళ్లాను. చెంబుతో నీళ్లు తెచ్చి గరాటులో పోశాను. తొట్టి టిక్కు టిక్కుమని చక్కగా ఒరిగింది, వెంటనే హాంబర్గ్ నుంచి "వాన!" అని సందేశం వచ్చింది, "కాదు, చెంబు" అని జవాబిచ్చాను. ఈలోగా మా పెద్దమ్మ పరుగున వచ్చి చెంబు లాక్కున్నది.

"ఏమ్మే, నీకేమన్నా పిచ్చా? దానిమీద నీళ్లు పోస్తుండావే!"

"పరీక్ష పెద్దమ్మా."

"పరీక్షయితే నువ్వు రాయి. నోరులేని వస్తువను ఏల ఏడిపిస్తావు?" అంటూ చీరకొంగుతో గరాటు లోపలా బయటా మెరిసేదాకా తుడిచింది. ఆ ప్రేమ చూసి నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లకు కనబడవలసింది కనబడదు.

"పెద్దమ్మా, నిన్న ఇక్కడ వాన పడిందా?"

"పడకేం? బాగా పడె."

"ఎంత పడింది?"

"ఎంతంటే? నానేంత."

"నానేంత అనేది కొలత కాదు పెద్దమ్మా."

ఆమె కాలెత్తి చెప్పులు చూపించింది. చెప్పులకింద వేలెడు మందాన రేగడి బురద అంటుకుని ఉంది. నేను ఆ బురదను శ్రద్ధగా పరిశీలించి, అది ఇక్కడి బురదే అనడానికి ఆధారం లేదనీ, ఆమె దారిలో ఎక్కడైనా తొక్కి ఉండవచ్చుననీ తీర్పు చెప్పాను. "ఆమా, ఆమా" అన్నది పెద్దమ్మ, పెద్దచదువులు చదివినవాళ్లతో మాట్లాడేటప్పుడు తమిళంలో అవునవునని తలాడించడమే క్షేమమని ఆమెకు ఎప్పుడో తెలుసు కనుక.

విరుదునగర్‌కు తిరిగి వెళ్లే బస్సులో నా వాదం పూర్తిగా రూపుకట్టింది. పరికరం బాగున్నది, చెంబు సాక్షి. పరికరం అబద్ధమాడదు. కాబట్టి కళంలో వాన పడలేదు. చుట్టూ పడింది, కళంలో మాత్రం పడలేదు. ఎందుచేత? కళం నేల తెల్లగా కాలి ఉంటుంది, రేకుల కప్పులు కాగుతుంటాయి, వేడిగాలి స్తంభంలా లేచి మేఘాన్ని రెండుగా చీలుస్తుంది. వాన అటూ ఇటూ కురిసి నడుమ ఒక పొడినేలను విడిచిపెడుతుంది! దానికి నేను "ఎండుదీవి" అని పేరు పెట్టాను. బాణపు గుర్తులతో బొమ్మలు గీశాను. ఎర్రబాణాలు పైకి, నీలిబాణాలు పక్కకు. జట్టు సమావేశంలో వాటిని చూపినప్పుడు గడియారమ్మ మొదటిసారిగా సమయం దాటి కూర్చున్నది. అంత చిన్న చోట వేడి మేఘాన్ని చీల్చగలిగితే, మండే పట్టణాలమీద వాన ఎలా నడుచుకుంటుందో కొత్తగా ఆలోచించాలన్నది. మిగతా దేశాలవారు ప్రశ్నలమీద ప్రశ్నలు వేశారు. నేను ఒక్కొక్కదాన్నీ ఖండించి పడేశాను. నైరోబీ అన్న చివరన చెయ్యెత్తి, "బాణాలు చాలా అందంగా ఉన్నాయి. ఎవరైనా దానిమీద కూర్చుంటున్నారేమో చూశావా?" అన్నాడు.

మా జట్టు తెరలమీద జరుపుకునే ఆ ఏటి మహాసభ కార్యక్రమపత్రంలో ఎండుదీవి మీద నా ప్రసంగాన్ని అచ్చువేశారు. అది నిజమని తేలితే వచ్చే విడత పరిశోధనకు కోవిల్‌పట్టే కేంద్రం, దానికి నేనే పెద్ద. నిజమో కాదో కళ్లారా చూడడానికి గడియారమ్మ తానే బయలుదేరి వస్తానన్నది. నైరోబీ అన్నను కూడా వెంటబెట్టుకుని వస్తానన్నప్పుడు అతను రాకుంటేనే మేలనిపించిందిగాని, ప్రత్యర్థి ఎదురుగా ఉంటేనే వాదం రాణిస్తుందని సర్దిచెప్పుకున్నాను.

వారు వచ్చిన రోజు ఎండ పెళపెళలాడుతోంది. ఎండుదీవికి అంతకన్నా శుభసూచకం ఏముంటుంది? కళంలో పుల్లలు, పెట్టెలు నేల కనబడకుండా పరిచి ఉన్నాయి. రేకుల సావిడి కింద కుర్చీలు వేశారు, కోవిల్‌పట్టి కడలెమిఠాయి పళ్లెంలో పెట్టారు. గడియారమ్మ ఒక ముక్క కొరికి, వేరుశనగ బెల్లంలో పళ్లు ఇరుక్కుని, కొంతసేపు మాట్లాడలేకపోయింది. ఆడవాళ్లు నైరోబీ అన్న చుట్టూ చేరారు. "చూడే, మనూరోని మాదిరే ఉండాడే!" అన్నది ఒకామె. "మరి మన మాట రాదేల?" అన్నది మరొకామె. "నేర్పితే వచ్చును. ముందు మిఠాయి తిననియ్యి" అన్నది మా పెద్దమ్మ. అతనికి ఏం అర్థమయిందో గాని పళ్లెం ఖాళీ చేసి అందరికీ నమస్కారం పెట్టాడు.

నేను లేచి గొంతు సవరించుకుని, తెల్లని వర్షమాపకం వైపు చెయ్యి చాపి, "మీరు ఇప్పుడు చూస్తున్న ఆ నేలమీద ఈ వానకాలం ఒక్క చినుకు కూడా పడలేదు" అని మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు ఎట్టయాపురం దిక్కున ఆకాశం నల్లబడింది. చల్లటి గాలి ఒకటి వచ్చి పుల్లలమీదుగా దొర్లింది. ఆడవాళ్లమీద పెత్తనం చేసే కంగాణి నోట్లో వేలుపెట్టి ఈలవేశాడు.

అగ్గిపెట్టెల కళంలో మేఘం లేస్తే ఏమవుతుందో చూడనివారికి చెప్పడం కష్టం. మా పక్క పిల్లలకు నడక రాకముందే ఆ పరుగు వస్తుంది. తడిసిన పుల్ల పుల్ల కాదు, తడిసిన పెట్టె పెట్టె కాదు. ఆరబోసినదానిమీద చినుకు పడడమంటే ఆనాటి పని మట్టిలో కలిసినట్టే. అప్పటిదాకా నవ్వుతూ నిలబడినవాళ్లు చీరలు దోపుకుని గాలిపటాల్లా లేచారు. "సీక్రం! సీక్రం!" అని కేకలు. తార్పాయి పట్టాలు విప్పుకున్నాయి, పుల్లలు ఆరే పళ్లేలు ఒకదానిమీద ఒకటి చేరాయి, పెట్టెలు బుట్టల్లోకి దూకాయి. వారందరికన్నా ముందు, వారందరికన్నా వేగంగా, సాక్షాత్తూ నాకు పెద్దమ్మ అయిన ఆ మనిషి కళం నడిమధ్యకు దూసుకుపోయి, నడుముకు దోపుకున్న నీలిరంగు తార్పాయి టోపీ ఒకటి తీసి, పాపకు కుల్లాయి తొడిగినట్టు వర్షమాపకం నెత్తిన తొడిగి, నాడా బిగించి, ముడి వేసి, మా వైపు తిరిగి విజయగర్వంతో అరిచింది:

"పాపా! బయపడొద్దు! మిసిను నానలే!"

ఆ తరువాత వాన దిగింది. అది మామూలు వాన కాదు. ఏ దేశపు శాస్త్రవేత్త అయినా అటువంటి వాన తన పరికరంలో పడాలని కలలు కనే వాన. రేకులమీద ఆ మోతలో కొంతసేపు ఎవరికీ ఏమీ వినబడలేదు. ఎండుదీవి నా కళ్లముందే మునిగిపోయింది. నైరోబీ అన్న మొదట గోడ పట్టుకున్నాడు, తరువాత పుల్లల మూట పట్టుకున్నాడు, చివరకు ఏది పట్టుకున్నా నవ్వు ఆగక నేలమీద కూర్చున్నాడు.

"ఆమెను అడుగు," అన్నది గడియారమ్మ చాలా నెమ్మదిగా, "ఈ పని ఈరోజే చేసిందా, ప్రతిసారీ చేస్తుందా?"

నేను అడిగాను. పెద్దమ్మ తడిసిన ముఖం తుడుచుకుంటూ ఉత్సాహంగా చెప్పింది. "ఒక దపా గూడా తప్పలే అని చెప్పు. మేఘం చూస్తే కప్పుతాము. పొద్దుగుంకి ఇంటికి పొయ్యేటప్పుడు కప్పుతాము. ఆదివారమంతా కప్పే ఉండాది. నేను రాని దినం కంగాణన్న కప్పుతాడు. సొంత సరుకన్నా ముందు దీన్నే కప్పుతాము, అదీ చెప్పు."

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ సావిడిలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. "ప్రతిసారీ" అన్నచోట "అప్పుడప్పుడు" అని వేస్తే ఎండుదీవిలో సగమైనా తేలేది, ఉద్యోగంలో సగమైనా మిగిలేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి, అక్కడ చేతులు కట్టుకుని నిలబడింది కూడా. కాని ఎదుటివారి మాటను మార్చి చెప్పరాదన్న నియమం అల్మారాలోని కప్పులన్నిటికన్నా బరువుగా దానిమీద కూర్చున్నది. నేను అక్షరం పొల్లుపోకుండా తర్జుమా చేశాను. పొద్దుగుంకడం, ఆదివారం, కంగాణన్న, అన్నీ.

"నాడా నేనే కుట్టితి. అది చెప్పలేదు నువ్వు" అన్నది పెద్దమ్మ.

నాడా సంగతీ చెప్పాను.

"ఎందుకు కప్పుతున్నదో అడుగు" అన్నది గడియారమ్మ.

ఈ ప్రశ్నకు మా పెద్దమ్మ ముఖంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. "ఎందుకా? ఎండలో పెట్టిన వస్తువ మీద వాన పడితే చెడిపోదా? సొంత సరుకు మాదిరి చూసుకోండని నువ్వే చెప్పినావు గదమ్మా. మా సరుకును మేము వానలో వదిలేస్తామా?"

"ఇది వాన కొలిచేది పెద్దమ్మా!"

"అట్టని నువ్వెప్పుడు చెప్పినావు?"

"ఆరోజు చెప్పాను కదా! అంతసేపు చెప్పాను!"

"సముద్రం కాగుతుండాదని చెప్పినావు. మంచు కరుగుతుండాదని చెప్పినావు" అన్నది పక్కావిడ. "పిల్లోళ్లకు ఏం మిగులుతాదని ఏడ్చినావు" అన్నది ఇంకొకామె. "వాన మాట రాలే" అని కంగాణి కూడా సాక్ష్యం చెప్పాడు. "ఆకాశాన్ని చూస్తాదని చెప్పినావు" అన్నది పెద్దమ్మ. "సరి. చూడనీ. చూసేదానికి నానాల్నా?"

నేను నా ఉపన్యాసాన్ని మొదటినుంచి చివరివరకు మనసులో నెమరువేసుకున్నాను. మహాసముద్రాలున్నాయి. ధ్రువాలున్నాయి. మానవజాతి రెండుచోట్ల ఉన్నది. గరాటులో వాన పడాలన్న సంగతి ఎక్కడా లేదు. చర్చను ప్రారంభించేవారు ముందుగా విషయాన్ని నిర్వచించాలని మొదటి పాఠంలోనే నేర్పుతారు.

ఇంతలో గడియారమ్మ ఒక్క ఉదుటున వానలోకి నడిచి, కళం మధ్యకు పోయి, టోపీ ముడి విప్పడం మొదలుపెట్టింది. "అయ్యయ్యో, తెల్లమ్మా, వద్దు!" అంటూ మా పెద్దమ్మ వెనకే పరుగెత్తింది. ఒకరు విప్పుతారు, ఒకరు బిగిస్తారు. ఒకరు జర్మన్‌లో ఏదో అంటారు, ఒకరు తెలుగులో "నానిపోతాది, నానిపోతాది" అంటారు. నైరోబీ అన్న నేలమీద నుంచి లేవలేకపోయాడు. నేను సావిడి అంచున నిలబడి, బతుకులో మొదటిసారిగా పీఠిక లేకుండా, ఉపమానం లేకుండా, ముగింపు లేకుండా అరిచాను.

"వదిలెయ్ పెద్దమ్మా! అది నానాలి!"

పెద్దమ్మ ఆగిపోయింది. "నానాల్నా?"

"నానితేనే దానికి పని!"

చేతిలో నీలిటోపీతో, నెత్తిన వానతో ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "ఈ మాట అప్పుడే చెప్పకూడదా?" అన్నది. వెంటనే పరికరం టిక్కుమన్నది.

తలలు తుడుచుకుని టీ తాగుతున్నప్పుడు నైరోబీ అన్న అసలు సంగతి చెప్పాడు. వాళ్ల ఊరి పరికరం గుట్టమీద ఉంది. గుట్టమీదే ఫోను సరిగా పలుకుతుంది. ఊళ్లో ఒక పెద్దాయన రోజూ సాయంత్రం తీరిగ్గా గరాటుమీద కూర్చుని కూతురితో మాట్లాడేవాడట. "నిన్ను ఎగతాళి చేశానని అనుకున్నావా? నేను నిజంగానే అడిగాను" అన్నాడు. నేను నిజంగానే జవాబు చెప్పి ఉంటే సరిపోయేదని అతను అనలేదు. అది అతని మంచితనం.

గడియారమ్మ మాత్రం నవ్వలేదు. కారులో విరుదునగర్ దాకా కిటికీలోంచి తడిసిన రేగడిని చూస్తూ కూర్చుని, ఊరు వచ్చాక అన్నది: "మహాసభలో ఎండుదీవి మీద నీ ప్రసంగం అచ్చయిపోయింది. ఏం చెబుతావు?"

"ఎదుటి పక్షాన మాట్లాడతాను" అన్నాను. ఆ మాట ధైర్యంతో అన్నది కాదు. నాకు చేతనైన పని అదొక్కటే.

అలాగే చేశాను. మొదటి సగం ఎండుదీవిని నా శక్తికొద్దీ నిలబెట్టాను. ఎర్రబాణాలు, నీలిబాణాలు, చెంబు సాక్ష్యం. తెరలమీద చాలామంది తలలూపారు. రెండో సగంలో నీలిటోపీ చూపించాను. చెప్పుల బురదను ఎందుకు కొట్టిపారేశానో, ఆ కొట్టివేతలో తర్కం ఎక్కడ కుంటిదో నన్ను నేనే నిలదీశాను. నాలుగైదు దేశాలు ఒకేసారి నవ్వడం వినే భాగ్యం అందరికీ దొరకదు. నవ్వు ఆగాక ఒక్కొక్కరూ తమతమ పరికరాల గుట్టు విప్పారు. ఒకరి గరాటులో పిట్ట గుడ్లు పెట్టిందట, మరొకరి కాపలాదారు మురికి నీళ్లు నిలవ ఉండకూడదని ప్రతి ఉదయం పారబోసేవాడట. కోవిల్‌పట్టి పరికరాన్ని పీకలేదు. నన్నూ పీకలేదు. అయితే పెద్దరికమూ ఇవ్వలేదు. ఏ దేశంలో కొత్త పరికరం నిలబెట్టినా, దాని పక్కన పొద్దంతా ఉండబోయే మనుషులకు అది దేనికో నాలుగు మాటల్లో చెప్పే పని నాకు అప్పగించారు. "నాలుగే" అని గడియారమ్మ రెండుసార్లు చెప్పింది.

మరుసటి వానకాలం మొదటి మేఘం లేచిననాడు నేను కళంలోనే ఉన్నాను. కంగాణి ఈల వేశాడు. తార్పాయిలు లేచాయి, పెట్టెలు బుట్టల్లోకి దూకాయి, కళమంతా కప్పుకున్నది. నడుమ వర్షమాపకం ఒక్కటే బోడితలతో మిగిలింది. మా పెద్దమ్మ సావిడి కింద నిలబడి దాన్ని చూడలేక ముఖం తిప్పుకున్నది. మళ్లీ చూసింది. చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి. "పావం" అన్నది. "ఒంటిగా నానుతుండాదే" అన్నది. ఇక ఆగలేక కొంగు నెత్తిన వేసుకుని వెళ్లి దాని పక్కనే నిలబడింది.

నేనూ వెళ్లాను. "పెద్దమ్మా, పక్కన మనిషి ఉంటే లెక్క తప్పుతుంది."

"ఎంత దూరం పోవాల?"

"ఇంకొంచెం."

ఆమె వెనక్కు నడిచింది. "సాలునా?"

"ఇంకొంచెం."

"కాలవలో పడేదాకా పోవాల్నా?" అంటూనే మరికొంచెం జరిగి నిలబడింది. ఇద్దరమూ నిండా తడిసిపోయాము. కొంతసేపటికి అడిగింది: "ఇప్పుడు ఆ తెల్లమ్మకు తెలిసుంటాదా, ఈడ వాన పడేది?"

"తెలిసే ఉంటుంది."

"నేను నానేది?"

"అది తెలియదు పెద్దమ్మా. గరాటులో పడింది మాత్రమే తెలుస్తుంది."

ఆమె ముఖంమీది నీళ్లు తుడుచుకున్నది. "అదేం మిసినమ్మే మరి!" అన్నది.

ఆ రోజుల్లోని ఆ పిల్ల, ఆ పంపుసెట్టు నోటి పిల్ల, అక్కడ ఉండి ఉంటే ఈ అభ్యంతరానికి వానలోనే నిలబడి అంశాలవారీగా సమాధానం చెప్పేది. ఆమెను తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ వస్తుంది, కొంచెం బెంగా కలుగుతుంది. ఎంత ఓపిక, ఎంత పట్టుదల, ఎంత పొడిగా ఉండేది! అలవాటు ఎక్కడికి పోతుంది, ఆ వానలో నేనూ జవాబు చెప్పబోయి నోరు తెరిచాను. నోటినిండా వాన పడింది. మూసుకున్నాను.